నల్లరేగడి దీవిలో పచ్చ పెట్టె

కెమెరా భుజాన వేసుకుని తిరిగే పిల్లలు ఎవరు నన్ను చూడవచ్చినా, కాఫీ తాగడం అయ్యాక ఒకటే ప్రశ్న అడుగుతారు. "మీరు తీసినవాటిలో గొప్పది ఏది?" అని. గొప్పదని చెప్పుకోదగ్గది నేనేదీ తీయలేదు. పెళ్ళిళ్ళు తీశాను, మిల్లుల ప్రారంభోత్సవాలు తీశాను, ఒక జమీందారు ముచ్చటపడితే ఆయన గుర్రాన్ని తీశాను. కాకపోతే నేను హ్యాండిల్ తిప్పిన చిత్రం ఒకటి మా డైరెక్టర్‌ని జైలు గుమ్మందాకా తీసుకుపోయింది. గొప్పదానికి బదులు దాని సంగతి చెబుతాను, వినండి.

ముప్పైల్లో మాట. విరుదునగరంలో పత్తి, మిరపకాయల వ్యాపారం చేసే ఒక ముదలాళికి, అంటే షావుకారుకు, డేరా సినిమా ఉండేది. వ్యాపారం ఆయనకు అన్నం పెట్టేది, డేరా ఆయనకు నిద్ర లేకుండా చేసేది. ఆ డేరాలో బొమ్మ ఆడించడం, అవసరమైతే కెమెరా తిప్పడం నా ఉద్యోగం. మాది కోవిల్‌పట్టి పక్క పల్లె. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, వీధిలోకి వస్తే అరవం. తెలుగు మాకు నోట్లో ఉండే వస్తువు, కాగితం మీద అది ఎలా ఉంటుందో నేను ఇరవై దాటేదాకా చూడలేదు. చూపించింది మా డైరెక్టరే. చిత్రంలో బొమ్మకీ బొమ్మకీ మధ్య వేసే మాటల అట్టలు రాయిస్తూ నాకు అక్షరాలు దిద్దించాడు. ఇవాళ నేను ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ పుణ్యం ఆయనది.

ఆయనది గోదావరి వైపు. కలకత్తా స్టూడియోలో పనిచేసి వచ్చాడు. దొరటోపీ, నల్ల బూట్లు. ఎక్కడో దూరదేశంలో దీవి దీవికీ పడవ మీద తిరిగి, అక్కడి జనం తమ స్వాతంత్ర్యం కోసం ఓటు వేస్తుంటే ఎవరో బొమ్మ తీశారని ఏదో పత్రికలో చదివాడట. అది నిజంగా చదివాడో, ముదలాళిని ఒప్పించడానికి కల్పించాడో నాకు ఇప్పటికీ తెలియదు. మొత్తానికి అలాంటి చిత్రం మన దేశంలోనూ రావాలని పట్టుబట్టాడు.

సమయం కూడా కలిసొచ్చింది. చట్టసభకు ఓటు పెట్టారు. కాగితం మీద అది చట్టసభ ఓటే కానీ, జనం నోట్లో స్వరాజ్యం ఓటు. తెల్లవాడు ఉండాలా పోవాలా అని మనల్నే అడుగుతున్నాడని సంతలో చెప్పుకునేవారు. చదువు రానివాళ్ళ కోసం ఒక్కో పక్షానికి ఒక్కో రంగు పెట్టె. స్వరాజ్యం అడిగేవాళ్ళది పసుపు పెట్టె. జమీను అండతో నిలబడ్డ ఎదుటి పక్షానిది ఆకుపచ్చ పెట్టె. ఓటు అందరికీ లేదు. భూమికి పన్ను కట్టేవాళ్ళకీ, వాళ్ళలాంటి మరికొందరికీ ఉంది. ఆ భూమిలో పని చేసేవాళ్ళకు లేదు.

"పట్నంలో ఓటు ఎవడైనా తీస్తాడు. రోడ్డు లేని ఊళ్ళో తీయాలి. మనకు దీవులు కావాలి," అన్నాడు డైరెక్టర్.

"విరుదునగరంలో దీవి యాడుండాది?" అన్నాడు ముదలాళి, నావైపు చూసి.

దీవులు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాయి. కోవిల్‌పట్టిలో రైలు దిగి, ఎద్దుబండి కట్టించుకుని పుదూరు దారి పట్టాం. మాసి నెలలో, చలి వెళ్ళే రోజుల్లో, రాకూడని వాన వచ్చింది. నల్లరేగడి సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. ఎండితే నెర్రెలిచ్చి కాలు మింగుతుంది, తడిస్తే బంకలా పట్టుకుని వదలదు. రెండు వాగుల నడుమ ఉన్న ఒక పల్లెలోకి మేము అడుగుపెట్టామో లేదో వెనక వాగూ పొంగింది, ముందు వాగూ పొంగింది. బండి చక్రం ఇరుసుదాకా దిగబడింది. డైరెక్టర్ టోపీ తీసి చుట్టూ చూసి, "దీవి!" అని సంబరపడ్డాడు.

అది తెలుగు మాట్లాడే ఊరు. అది ఆయనకు రెండో సంబరం. నేను దుబాసీ పని చేస్తానంటే ఒప్పుకోలేదు. "నా తెలుగువాళ్ళతో నేను మాట్లాడటానికి మధ్యలో నువ్వెందుకయ్యా?" అన్నాడు.

ఆయన మాట్లాడాడు. వాళ్ళు మర్యాదగా విన్నారు. విన్నాక ఆ ఊళ్ళో పెద్ద సంసారి, అంటే పెద్ద రైతు, అయిన ఒక అవ్వ నన్ను పక్కకు పిలిచింది. భర్త పోయాక సేద్యమంతా తానే చూసుకునే మనిషి. పన్ను ఆమె పేరనే ఉంది కాబట్టి ఓటు కూడా ఉంది. "నాయనా, ఈ అయ్య మాట్లాడేది ఏ బాస?" అని అడిగింది. "మన బాస మాదిరే ఉండాదే!"

"మన బాసే అవ్వా. ఆ పక్కది."

"మన బాసను ఈ మాదిరి చేసింది ఎవురు?" అని ఆమె బాధపడింది.

ఓటు మరునాడు, పుదూరు బడిలో. ఓటు వేసే గదిలోకి కెమెరా రానివ్వరని డైరెక్టర్‌కు ముందే అనుమానం. అందుకని ముందురోజే ఊరి చావడిలో ఉత్తుత్తి ఓటు పెట్టి తీసేద్దామన్నాడు. మేము వెంట తెచ్చిన చెక్కపెట్టెకు పైన చీలిక కోయించాడు. రంగు వేద్దామా అని అడిగితే, "మన ఫిల్ముకు రంగు తెలియదు కదయ్యా, అన్నీ బూడిదే," అన్నాడు. ఓటు చీటీలకు మా డేరా సినిమా ప్రకటన కాగితాలు ముక్కలు కోశాం. వరస పొడుగ్గా కనపడాలని ఊరందరినీ రమ్మన్నాడు. ఓటు ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు, అందరూ వచ్చారు.

నేను బయట చెట్టు కింద కెమెరా అద్దానికి పట్టిన చెమ్మ తుడుస్తూ కూర్చున్నాను. లోపల ఆయన జనానికి ఏమేమి చెప్పాడో నాకు వినపడలేదు. వినపడి ఉంటే ఈ కథ లేదు.

తీయడం మొదలుపెట్టాక అసలు తిప్పలు మొదలయ్యాయి. పెట్టెలో చీటీ వేసేటప్పుడు ప్రతివాడూ తల తిప్పి కెమెరాను చూస్తాడు. ఒకాయన చీటీ వేసి కెమెరాకు దణ్ణం పెట్టాడు. అవ్వ అయితే వేసీ వేయగానే, "సరిగ్గా పడిందా నాయనా?" అని నన్నే అడిగింది. డైరెక్టర్ జుట్టు పీక్కున్నాడు. ఒక్కరే ఒక్కరు కెమెరా వైపు చూడలేదు. అవ్వ పొలంలో కూలికి వచ్చే ఒక అక్క. ఆమె చీటీని నాలుగు మడతలు పెట్టి, కళ్ళకద్దుకుని, చీలికలో వేసి, అది అడుగున పడిన చప్పుడు విని, అప్పుడు కదిలింది. నేను హ్యాండిల్ తిప్పడం ఆపి కూడా ఆమెనే చూస్తున్నాను.

డైరెక్టర్ ఆనందం పట్టలేక చేతులు రెండూ పైకెత్తి అరిచాడు. "చాలు! ఇంక మీరంతా ఓటు వేసినట్టే!"

మరునాడు పొద్దున వాన తెరిపిచ్చింది. మేము కెమెరా మోసుకుని బయటికి వచ్చేసరికి ఊరు ఊరంతా తాపీగా పళ్ళు తోముకుంటోంది. కొందరు పారలు పట్టుకుని పొలాలకు పోతున్నారు.

"బయల్దేరరా అవ్వా?" అన్నాను.

"యాడికి?"

"ఓటుకు!"

"నిన్ననే వేసి విడిస్తిమే!" అంది అవ్వ. "ఆ అయ్యే చెప్పినారు కదా, వేసినట్టే అని. ఒగ మనిసికి ఎన్ని వోట్లు?"

స్వరాజ్యం ఓటు గురించి చిత్రం తీయడానికి వచ్చి ఒక ఊరు ఊరినే ఓటు లేకుండా చేసినవాడవుతాడు మా డైరెక్టర్. ఆయన చావడి అరుగెక్కి, నిన్నటిది బొమ్మ కోసం అనీ, అసలుది ఇవాళ అనీ అరగంట ఉపన్యసించాడు. విన్నవాళ్ళు నావైపు చూశారు. నేను మన బాసలో చెప్పాను. "నిన్నది ఆట. ఈ దినం నిజం. పోకపోతే ఎదుటోడు గెలుస్తాడు." పారలు గోడకు ఆనించి అందరూ లేచారు. ఓటు లేనివాళ్ళు కూడా లేచారు. మీరు రానక్కరలేదని చెప్పడానికి మా ఇద్దరికీ నోరు రాలేదు.

ముందు వాగు మొలలోతుకు తగ్గింది. అవ్వను నులకమంచం మీద కూర్చోబెట్టి నలుగురు ఎత్తుకున్నారు. ఆమె ఒళ్ళో మా చెక్కపెట్టె ఉంది. దారిలో ఇంకేమైనా తీయవచ్చని డైరెక్టర్ వెంట తెప్పించాడు. అక్క నా ముక్కాలి స్టాండు నెత్తిన పెట్టుకుంది. బూట్లు విప్పమని అందరూ చెప్పినా డైరెక్టర్ వినలేదు. వాగు దాటాక రేగడి మొదలైంది. అడుగు తీస్తే ఒక్కో కాలికి ఒక్కో గంపెడు మన్ను. ఒకచోట ఆయన కాలు బయటికి వచ్చింది, బూటు రాలేదు. దానికోసం వంగితే టోపీ పడింది. టోపీకోసం వంగితే ఆయనే పడ్డాడు. నేను స్టాండు లేకుండానే కెమెరా పొట్టకు ఆనించుకుని ఆ భాగమంతా తీశాను. ఉద్యోగధర్మం.

అంతదాకా నేను గమనించనిది ఒకటుంది. మగవాళ్ళ చెవుల వెనకా, ఆడవాళ్ళ కొప్పుల్లోనూ వేపాకు రెమ్మలు. దిష్టికేమో అనుకున్నాను. అవ్వ కొంగుకు కూడా ఒకటి ముడివేసి ఉంది.

"ఇది ఎందుకవ్వా?"

"మరిచిపోకుండా. పెట్టి పచ్చ కదా?"

నేను నడక ఆపాను. "పచ్చ అని ఎవరు చెప్పారు?"

"ఆ అయ్యే. చావట్లో పది తూర్లు చెప్పినారు. పచ్చ పెట్టిలో వేయండి, ఈ పెట్టి పచ్చ అని అనుకోండి అని."

నేను డైరెక్టర్ వైపు తిరిగాను. ఆయన ఊడిన బూటు చేత్తో పట్టుకుని, ఒంటి బూటుతో నిలబడి, "అవును, పచ్చ పెట్టే కదా మనది! అందులో తప్పేముంది?" అన్నాడు.

"మనది పసుపండీ."

"పసుపంటే పచ్చ కాదటయ్యా? పచ్చగా ఉందంటే ఏమిటి అర్థం? గుమ్మడిపూవు పచ్చన కాదూ? పచ్చని బంగారం అనమూ?"

"బంగారం బంగారు నిరమే," అంది అవ్వ మంచం మీద నుంచి. రంగును మా వైపు నిరం అంటారు. "పచ్చ అంటే ఆకు. పసుపు అంటే మంజ. చిన్న బిడ్డకు కూడా తెలుసు."

"మరి ఆకును ఆకుపచ్చ అంటారు కదండీ, బామ్మగారూ!"

"ఆకు పచ్చగా ఉండదా? మేమూ అదే కదా చెప్పేది!"

మోకాలి లోతు బురదలో, మంచం కింద దింపకుండానే, పచ్చ అంటే ఏ రంగని వాదన సాగింది. మోసేవాళ్ళు కూడా తలో మాటా కలిపారు. ఆయన చెప్పిందీ తెలుగే, వీళ్ళు విన్నదీ తెలుగే. నడుమ, పచ్చంటే ఆకు రంగేనని అరవం దగ్గర నేర్చిన కోవిల్‌పట్టి గాలి మాత్రం ఎదుటి పక్షానికి పని చేసింది. నిన్న ఆయన తన నోటితోనే ఊరందరి ఓట్లూ ఆకుపచ్చ పెట్టెలో వేయించబోయాడని నేను విడమరిచి చెప్పేసరికి, పాపం, ఆయన రెండో బూటు కూడా విప్పి చేత్తో పట్టుకున్నాడు.

"ఇప్పుడెలా? ఈ రంగు వీళ్ళ బుర్రల్లోంచి తీసేదెలా?" అన్నాడు.

అక్క స్టాండు కింద పెట్టి, గట్టు మీదికి పోయింది. అక్కడ తంగేడు పొదలున్నాయి. ఒడి నిండా పూలు కోసుకొచ్చి ఒక్కొక్కరికీ ఇస్తూ, "ఆకు పారేయి. పువ్వు పెట్టుకో. ఈ నిరం, మంజ," అంటూ వచ్చింది. తనకూ ఒకటి పెట్టుకుంది. పసుపుపచ్చని పూలతో ఆ వరస నల్లని నేల మీద నడుస్తుంటే డైరెక్టర్ కళ్ళు చెమ్మగిల్లాయి. "తీయవయ్యా, తీయి!" అన్నాడు. తీశాను. తెర మీద అన్నీ బూడిదే.

పుదూరు బడి గేటు దగ్గర కానిస్టేబుల్ పూలన్నీ తీయించాడు. రంగు గుర్తులతో లోపలికి పోకూడదట. కుప్పగా పోసిన పూల పక్కనుంచి అవ్వ "మంజ, మంజ" అని జపం చేసుకుంటూ లోపలికి పోయింది. కెమెరాను కానిస్టేబుల్ చూసిన చూపుకే నేను గోనెపట్టా కప్పేశాను. కాబట్టి అసలు ఓటు ఒక్క అంగుళం కూడా మేము తీయలేదు.

వరసలో అక్క వంతు వచ్చింది. వరండాలో బల్ల వేసుకున్న ఓటు అధికారి ఆమె పేరు అడిగి, జాబితాలో వెతికి, లేదన్నాడు.

"లేకపోతే నిన్న ఎట్ల వేస్తిని?" అంది అక్క.

అధికారి కలం కింద పెట్టాడు. "నిన్న వేశావా? ఎక్కడ?"

"మా ఊరి చావట్లో. అందరమూ వేస్తిమి. అద్దో, ఆ అయ్యే పెట్టి తెచ్చినారు."

చెప్పుల్లేని కాళ్ళతో, నిలువెల్లా బురదతో, రెండు చేతుల్లో రెండు బూట్లతో నిలబడ్డ మనిషి వైపు అందరూ తిరిగారు. ఆయన పక్కనే నేల మీద, పైన చీలిక ఉన్న చెక్కపెట్టె ఉంది.

తరవాత జరిగింది చెప్పాలంటే నాకు ఇప్పటికీ నవ్వూ వణుకూ రెండూ వస్తాయి. ముందురోజే దొంగ ఓటింగు నడిపిన నేరానికి మా డైరెక్టర్‌ని బల్ల మీద కూర్చోబెట్టారు. ఆయన ఇంగ్లీషులో చెప్పాడు, తెలుగులో చెప్పాడు, కళ అన్నాడు, దీవులన్నాడు. ఒక్కో మాటకూ కానిస్టేబుల్ ఒక్కో అడుగు దగ్గరికి జరిగాడు. చివరికి నేను అరవంలో, "పెట్టె తెరిచి చూడండి సార్," అని బతిమాలాను.

తెరిచారు. అధికారి ఒక చీటీ విప్పాడు. "దినం రెండు ఆటలు" అని ఉంది. ఇంకోటి విప్పాడు. "స్త్రీలకు వేరే చోటు." మూడోదానిలో సగం కత్తి, సగం రాజకుమారుడి మీసం. ఆయన నవ్వు బిగపట్టి చీటీలన్నీ మళ్ళీ పెట్టెలో వేశాడు. ఆ తరవాత, "సినిమా ఓటుకు ఏ శిక్షో నాకు తెలియదు. తెలిస్తే కబురు చేస్తాను. ముందు దీన్ని నా కంటికి కనపడకుండా తీసుకుపో," అన్నాడు.

మేము బయటపడ్డాం. అక్క మెట్ల పక్కన కూర్చుని ఉంది. డైరెక్టర్ ఆమె దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"అయితే నిన్నది వోట్టు కాదు," అంది అక్క. అడగలేదు, తనకు తాను చెప్పుకుంది.

అప్పుడే లోపలి వరసలోంచి అవ్వ ఓటు వేసి వచ్చింది. "ఎట్లుండె అమ్మా?" అని అక్క ఆత్రంగా అడిగింది.

"నిన్నటి మాదిరే. పెట్టి మాత్రం మంజ," అంది అవ్వ. కొంగు సర్దుకుని, "నీ మాదిరి మడిచే వేస్తిని," అంది. ఇద్దరూ కలిసి వాగు వైపు నడిచారు. అవ్వ మంచం ఎక్కలేదు.

పసుపు పెట్టె గెలిచింది. చిత్రం ముక్కలు కోసి అతికే రోజు ముదలాళి వచ్చి కూర్చున్నాడు. డైరెక్టర్ పడిపోయే భాగం చూసి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి, అది తీసేయడానికి వీల్లేదన్నాడు. అక్క చీటీ వేసే భాగం మాత్రం తీసేయమన్నాడు. "ఆమెకు వోట్టే లేదంటివే? లేనిది చూపిస్తే ఊరు నవ్వుతుంది."

"ఉన్నవాళ్ళందరూ కెమెరాను చూస్తున్నారండీ," అన్నాడు డైరెక్టర్. "ఓటును చూస్తున్నది ఆమె ఒక్కతే. అది తీసేస్తే చిత్రమే లేదు." ఆయన అంత మెల్లగా మాట్లాడటం నేను అదే మొదటిసారి విన్నాను. ఆ భాగం చిత్రంలో ఉండిపోయింది.

విరుదునగరం డేరాలో మొదటి ఆటకు ఆ ఊరివాళ్ళందరినీ ముదలాళే రైలెక్కించి రప్పించాడు. గెలిచిన పెద్దమనిషిని పూలమాల వేసి ముందు వరస కుర్చీలో కూర్చోబెట్టాడు. నేను బొమ్మ ఆడించే యంత్రం దగ్గర ఉన్నాను. బురద వచ్చింది, బూటు వచ్చింది, జనం ఈలలు వేశారు. తమను తాము చూసుకుని ఊరివాళ్ళు ఒకరి పేరు ఒకరు అరుచుకున్నారు. ఆ తరవాత అక్క వచ్చింది. తెర నిండా ఆమె చేతులు, నాలుగు మడతలు, కళ్ళకద్దుకోవడం. డేరా అంతా సద్దుమణిగింది. చీటీ చీలికలో పడింది.

ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు లేచింది. "అయ్యా, నా వోట్టు ఎంచినారా?"

కొందరు నవ్వారు. ముందు వరస పెద్దమనిషి వెనక్కి తిరిగి చూశాడు. అక్క లేచి నిలబడి ఉంది. ఆయన ముదలాళి వైపు చూశాడు, ముదలాళి డైరెక్టర్ వైపు చూశాడు. డైరెక్టర్ లేచి, "ఎంచలేదక్కా," అన్నాడు. మన బాసలోనే అన్నాడు.

అక్క తెర వైపు చెయ్యి చూపింది.

"సరి," అంది. "అయితే ఎంచేదాకా దీన్ని ఆడనీండి."

ముదలాళి ఖర్చు మనిషి. దీపం ఒక్క నిమిషం ఎక్కువ వెలిగినా నా మీద కేకలేసేవాడు. ఆ పూట ఆయనే చీకట్లో తడుముకుంటూ నా దగ్గరికి వచ్చి, "వెనక్కి తిప్పు. ఇంగో తూరి వేయి," అన్నాడు. వేశాను. జనం మళ్ళీ వేయమన్నారు, మళ్ళీ వేశాను. ఆ సాయంకాలం అక్క ఎన్నిసార్లు ఓటు వేసిందో నేను లెక్కపెట్టలేదు. మెడలో మాలతో, అందరి నడుమా, లేచిపోవడానికి వీల్లేకుండా ముందు వరసలో కూర్చున్నాయన మాత్రం లెక్కపెట్టే ఉంటాడు.